అల్లుడిని అడిగిన కంప్యూటర్

ఆ మంగళవారం పొద్దున ఇంట్లో ఉన్నది ఆరుగురు. మధ్యగదిలో నులకమంచం మీద మామ్మ కృష్ణవేణమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. వంటింట్లో పెద్దమ్మ విజయదుర్గ అల్లుడికోసం గారెల పిండి రుబ్బుతోంది. ఆ అల్లుడు జగన్, ముందువైపు దుకాణంలో, ఫ్యాను కింద వేయించుకున్న చేతుల కుర్చీలో కాళ్లు చాపుకుని ఫోన్ చూస్తున్నాడు. పెదనాన్న చంద్రశేఖరం కూర్చోవాలన్న సంగతి మరిచిపోయి నిలబడే ఉన్నాడు. కంప్యూటర్ ముందు, జయపురం నుంచి తొలి బస్సుకు దిగిన మరమ్మతు మనిషి సౌమ్యరంజన్. ఆరో మనిషి బిందుశ్రీ. ఇంటికీ దుకాణానికీ మధ్య గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

వీధి అరుగు మీద ధనుంజయ అనే ముసలాయన కూడా ఉన్నాడు. కానీ ఆయన గడప దాటి లోపలికి రాలేదు, పనిమీద వచ్చినవాడు. టికిరి అవతల కొండ దిగి వచ్చాడు, మనవరాలి హాస్టల్ దరఖాస్తు పంపారో లేదో కనుక్కోవడానికి.

"హెలా కి, మా?" అన్నాడు బిందుశ్రీని చూసి. అయిందా తల్లీ, అని.

ఆమె తల అడ్డంగా ఊపింది. నోటితో చెప్పే మాటల కంటే తలతో చెప్పేవే ఎక్కువ ఆ పిల్లకి. కాలేజీలో హాజరు పిలిస్తే ఆమె పలికింది మాష్టారికి వినబడక వారానికి రెండుసార్లైనా గైర్హాజరు పడుతుంది. గుణుపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే అప్పలరాజు కూతురు. ప్లస్ టూ చదువుకని ఏడాది కిందట రాయగడలో తల్లి అక్కగారింటికి వచ్చింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి దుకాణం. జెరాక్సు, ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. కుల ధ్రువపత్రం నుంచి స్కాలర్‌షిప్ దాకా అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. దాని ముందు కూర్చుంటే మాత్రం బిందుశ్రీకి బెరుకుండదు. అది ఆమెను గట్టిగా మాట్లాడమనదు, తల ఎత్తమనదు.

"ప్లస్ టూ అవనీ. జయపురంలో కంప్యూటర్ డిప్లొమాలో ఏసేస్తాను. అందాకా ఈ కుర్చీ నీదే," అన్నాడు పెదనాన్న మొన్న ఉగాదికి. ఆ మాట ఆమె డైరీలో తేదీతో సహా ఉంది. దాన్ని పట్టుకునే ఆ ఇంట్లో ఆమె అంట్లు తోమింది, మామ్మ కాళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ కుర్చీలో సౌమ్యరంజన్ కూర్చున్నాడు. తెరమీద ఎర్రటి గళ్లలో ఇంగ్లీషు ఉత్తరం ఒకటి నిలబడి ఉంది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి, అని దాని సారాంశం. కింద ప్రతి ఫైలు పేరుకీ కొత్తగా ఒక తోక మొలిచింది. ఏది తెరిచినా చీమల బారు తప్ప అక్షరం లేదు. ముప్పై ఒక్కమంది పిల్లల హాస్టల్ దరఖాస్తులు, సంతకాలతో, వేలిముద్రలతో, అందులోనే ఉన్నాయి. గడువు రేపు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరూ ఒక్కో కొండ మీద ఉన్నారు. ఒక్కరోజులో పిలిపించే పని కాదు.

ఈ రోగం ఎలా వచ్చిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే ఆ రోజు అందరూ చేస్తున్న పని.

బిందుశ్రీ చదివిన పల్లె బడిలో తాతారావు మాష్టారు అయిదు పాత కంప్యూటర్లను బతికించి పెట్టుకున్నాడు. అందరూ వాడే సిస్టం కొనడానికి బడి దగ్గర డబ్బు లేక, ఊరికే దొరికే ఇంకో సిస్టం వేశాడు. పెంగ్విన్ బొమ్మ వచ్చేది. మగపిల్లలు పాటల దుకాణం నుంచి తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో పాటలెన్ని ఉండేవో వైరస్‌లు అన్ని ఉండేవి. ఈ అయిదింటిలో పెడితే అవి చచ్చిన బల్లుల్లా పడి ఉండేవి.

"దీనికి రోగం రాదని కాదర్రా," అనేవాడు మాష్టారు. "దొంగలు సంత పెద్దదున్న కాడికే పోతారు. దీన్ని వాడేవోళ్లు తక్కువ, అదొక అదృష్టం. అసలు సంగతి ఇల్లు కట్టిన తీరులో ఉంది. ఇందులో నువ్వు అద్దెకున్నోడివి. నీ గదిలో నువ్వేటైనా సేసుకో. గోడ కదపాలంటే మాత్రం ఇంటాయన్ని అడగాల. నీతోపాటు దొంగ దూరినా నీ గది వరకే. అదే, కూకున్న పెతీవోడూ ఇంటాయనే అనుకో, దొంగకూడా ఇంటాయనే అయిపోతాడు."

ఇంకో మాట కూడా అనేవాడు. "నకలు అసలు పక్కనే ఉంటే అది నకలు కాదు. వేరే ఊళ్లో ఉండాల."

పెదనాన్న కంప్యూటర్ రెండో రకం ఇల్లు. జయపురంలో పాతది కొన్నప్పుడు అమ్మినవాడు ఎలా ఇచ్చాడో అలాగే ఉంది. ఒకటే పేరు, పాస్‌వర్డ్ లేదు, ఎవరు కూర్చుంటే వాళ్లదే రాజ్యం. పెంగ్విన్‌ది వేద్దామంటే వేలిముద్రల యంత్రం దానికి పలకలేదు. అందుకని బిందుశ్రీ ఉన్న ఇంటికే గోడలు కట్టింది. దుకాణం పనికి ఒక గది. ఇంట్లోవాళ్లు పాటలు, సినిమాలు చూసుకోవడానికి ఇంకో గది. అక్కడి నుంచి దుకాణం కాగితాలు కనబడవు, కొత్త ప్రోగ్రాంలు ఎక్కవు. ఎక్కించే అధికారమంతా మూడో పేరుకి పెట్టి, దాని పాస్‌వర్డ్ తలలో దాచుకుంది. నాలుగు నెలలు చీకూ చింతా లేదు. పెదనాన్న అదేమిటని అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఆ ఇంట్లో మనుషుల మధ్య తాళం ఉండదు. తాళంచెవుల గుత్తి దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతుంది. బీరువా అయినా, గోదామైనా, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. "తాళం పరాయోడికి, నా సొంతోడికెందుకు," అనేది మామ్మ మాట. ఇంటికీ దుకాణానికీ మధ్య తలుపైతే వేసినట్టు ఎవరికీ గుర్తులేదు. దాని వెనక గోనెసంచులు, దాని మేకుకు చీపురు. వానలకి చెక్క ఉబ్బి అలాగే ఉండిపోయింది.

మొన్న ఆదివారం జగన్ వచ్చాడు. సునాబెడలో ఉంటాడు. ఈ ఇంటి కూతురు జయంతిని చేసుకుని నాలుగేళ్లైంది. పెళ్లినాడు మగపెళ్లివారికి కాఫీ అరగంట ఆలస్యమైందని ఆ నాలుగేళ్లూ ప్రతి పండక్కీ చెబుతూనే ఉన్నాడు. అందుకే అతను వస్తే ఈ ఇంట్లో కాఫీ ముందు, ఊపిరి తరవాత.

భోజనాలయ్యాక పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు పెట్టాడు. క్వార్టర్స్‌లో ఎవరో స్నేహితుడు ఇచ్చిన కొత్త సినిమా. దాంతోపాటు, సినిమా ఆడాలంటే ఎక్కించుకోవలసిన ప్రోగ్రాం ఒకటి. నొక్కాడు. తెర నల్లబడి, మధ్యలో చిన్న గడి వచ్చి, పాస్‌వర్డ్ అడిగింది.

జగన్ పకపకా నవ్వాడు. "మావయ్యా! మీ కంప్యూటర్ నన్ను ఎవడివిరా నువ్వు అంటోంది!"

నవ్వుతూనే అన్నాడు. కానీ చంద్రశేఖరం మొహంలో రక్తం దిగిపోయింది.

"అమ్మీ! ఇలా రా. అల్లుడుగారిని పాస్‌వర్డ్ అడుగుతాదేటే ఇది?"

"అది... పెదనాన్నా... ఎవర్నైనా అడుగుద్ది..."

"ఎవర్నైనా ఏటి? అల్లుడూ ఆ ఎవరైనాలో ఒకడా?"

"పోన్లెండి మావయ్యా," అన్నాడు జగన్, కుర్చీ వెనక్కి తోస్తూ. "మనకి అలవాటే. పెళ్లిలో కాఫీకి కూడా ఇలాగే నిలబెట్టేరు కదా."

ఆ మాటతో వంటింట్లోంచి పెద్దమ్మ, మధ్యగదిలోంచి మామ్మ ఇద్దరూ వచ్చేశారు.

"ఓలమ్మో, అల్లుడొస్తే తలుపు తీసీడానికి తాళం ఎతుక్కుంటారేటర్రా?" అంది మామ్మ. "ఆ గుంట ఏటో మందు పెట్టింది దానికి."

"మాట్లాడవేటే?" అంది పెద్దమ్మ. "బాబు కూకోనున్నాడు, కనిపించట్లేదా?"

బిందుశ్రీ నోట్లో మాష్టారి మాటలన్నీ ఉన్నాయి. ఇల్లు, గది, గోడ. అవి గొంతు దాకా వచ్చి, జగన్ బావ బూట్ల మీద పడ్డ చూపుతోపాటు కిందకి దిగిపోయాయి. అల్లుడి ఎదుట దొంగ అన్న మాట ఏ నోటితో అనగలదు?

"బావా, ఆ ప్రోగ్రాం వద్దు... మామూలు దాంట్లోనే ఆడుద్దేమో..." అని మాత్రం అంది.

"సూసేవా మావయ్యా, మరదలు పిల్ల నాకు పాఠం సెప్తోంది."

అంతే. ఆ మధ్యాహ్నం పెదనాన్న నిలబడి చేయించాడు. గోడలన్నీ తీసేసింది. ఎవరు కూర్చుంటే వాళ్లదే మళ్లీ రాజ్యం. రక్షణగా పెట్టిన ప్రోగ్రాం ఎర్ర గుర్తుతో అరిస్తే, "అడ్డమొస్తే దాన్నీ తీసీ," అన్నాడు. మళ్లీ ఎప్పుడైనా అడిగితే కావాలని పాస్‌వర్డ్ చీటీ మీద రాయించి, గుత్తితోపాటు మేకుకు గుచ్చాడు. పాత నకళ్లు ఉన్న హార్డ్ డిస్కు కూడా తగిలించే ఉంచమన్నాడు. అల్లుడు సినిమాలు దాంట్లో వేసుకుంటాడట.

ఆఖర్న కంప్యూటర్ ఇంకొక్కసారి అడిగింది. ఈ ప్రోగ్రాంను మార్పులు చేయనివ్వాలా, అని. బిందుశ్రీ తల తిప్పి పెదనాన్నను చూసింది.

"ఔనను," అన్నాడు.

ఔనంది. మాట పెదనాన్నది. వేలు మాత్రం ఆమెదే.

రెండు రోజులకి, మంగళవారం పొద్దున, ఎర్ర గళ్ల ఉత్తరం వచ్చింది.

"డిస్కు కూడా పోయింది," అన్నాడు సౌమ్యరంజన్ తెరవైపే చూస్తూ. తెలుగు, ఒడియా, హిందీ మూడూ కలిపి మాట్లాడతాడు. "ఇది తగిలించే ఉంచేరా? అరే బాబా. కాపీ ఇంకెక్కడైనా ఉందా?"

"ఇంకెక్కడుంటాది?" అన్నాడు పెదనాన్న.

బిందుశ్రీ నోరు తెరిచింది. ప్రతి శనివారం ఆమె దుకాణం కాగితాలన్నీ తాతారావు మాష్టారు ఇచ్చిన నీలం పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి, తన రేకు పెట్టెలో, డైరీ కింద దాచుతుంది. వేరే ఊరు లేదు కనక పెట్టె. మొన్న శనివారందీ ఉంది. ముప్పై ఒక్కటీ ఉన్నాయి.

ఆమె ఇంకా తెరుస్తుండగానే సౌమ్యరంజన్ ఏదో చదివి ముందుకు వంగాడు.

"ఆదివారం. రెండూ నలభై. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కింది." బల్లమీద పడి ఉన్న వెండిరంగు పెన్‌డ్రైవ్‌ను వేలితో తాకాడు. "ఇది కాహార? ఎవరిది?"

ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో రోలు ఆగిపోయింది. జగన్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"పెన్‌డ్రైవ్‌లకేటి, దుకాణమన్నాక ఎందరో తెస్తారు," అన్నాడు పెదనాన్న. "రోజూ కూకునేది మా గుంట. దాన్నడగాల."

"నేను..." అంది బిందుశ్రీ.

"ఇంకో మాట," అన్నాడు సౌమ్యరంజన్. అతనికి ఈ ఇంటి సంగతులు తెలియవు, యంత్రం సంగతే తెలుసు. "ఇందులో మొన్నటిదాకా మూడు అకౌంట్లు ఉన్నాయి. ఎవరు పెట్టేరో గానీ పక్కా పని. అది ఉంటే ఈ రోగం సినిమాల గదిలోనే పడి చచ్చేది. ఆదివారమే తీసేరు. ఎందుకు తీసేరు?"

ఒక్క క్షణం బిందుశ్రీ గుండె వెలిగింది. మెచ్చుకోలు వినడం అలవాటు లేని మనిషికి అది ఒంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ వెలుగులోనే ఆమె అంతవరకూ ఎన్నడూ చేయని పని చేసింది. నోరు పనిచేయదని తెలిసి, బల్ల సొరుగులోంచి తన చిన్న నోటుపుస్తకం తీసి, ఆదివారం పేజీ తెరిచి, పెదనాన్న ముందు పెట్టింది. ఏ పెన్‌డ్రైవ్ ఎప్పుడు ఎవరు పెట్టారో మొదటి రోజునుంచీ రాసుకుంటోంది. తాతారావు మాష్టారి అలవాటు.

పెదనాన్న చదివాడు. పెదవులు కదిలాయి గానీ పైకి వినబడలేదు. *జగన్ బావది. సినిమా. వద్దన్నాను. పెదనాన్న చెప్పగా పాస్‌వర్డ్ ఇచ్చాను.*

"అల్లుడి పేరు రాసి పెట్టేవా?" అన్నాడు.

కోపంగా అనలేదు. అంతకంటే అన్యాయంగా, ఆశ్చర్యపోయి అన్నాడు.

జగన్ లేచి వచ్చి భుజం మీంచి చూశాడు. "బాగుంది. పోలీసు స్టేషనులో కూడా ఇలా రాయరు. అత్తయ్యా, సూసేరా? నాకు గారెలు ఒడ్డించిన చేత్తోనే లెక్కేస్తున్నారు."

"రామ రామ! బాబూ, అంత మాటనకు!" పెద్దమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏటే ఇది? తిండి పెట్టి సదివిస్తంటే ఇంటిమీద సిట్టా రాస్తావా?"

"అందరివీ రాసేను పెద్దమ్మా... మామూలుగానే..."

"అందర్నీ రాసిందట! ఇన్నేవా?" అంది మామ్మ లోపలినుంచి. "నాను ఆ పొద్దే సెప్పేను, ఏదో మందు పెట్టిందని. మూడు గదులు కట్టిందట దాంట్లో, మనకి తెలీకుండా. ఒక గదిలో మనం, ఒక గదిలో ఇది!"

"అంటే ముందునుంచీ ఏదో సేస్తానే ఉన్నావన్నమాట," అన్నాడు పెదనాన్న నెమ్మదిగా, అప్పుడే అర్థమైనట్టు.

బిందుశ్రీ సౌమ్యరంజన్‌ వైపు చూసింది. అతను ఆమెనూ, జగన్‌నూ, బల్లమీది పెన్‌డ్రైవ్‌నూ మార్చి మార్చి చూశాడు. ఎవరిదో అప్పటికి తెలిసిపోయింది. ఆ ఇంటి పనే కాదు, ఆ వీధిలో నాలుగు దుకాణాల పని అతనికి చంద్రశేఖరం చెబితే వచ్చిందే. మూతి తుడుచుకుని మళ్లీ తెరవైపు తిరిగాడు.

"మొత్తం తుడిచి కొత్తగా వెయ్యాల," అన్నాడు. "ఫైళ్లు రావు."

"ఇకముందు ఇలా కాకుండా ఏటి సెయ్యాల? అది సెప్పు."

"ఒకటే సూత్రం, శేఠ్‌జీ. ఎవరి పనికి ఎంత కావాలో అంతే అధికారం. అవసరం లేనివాడికి తాళంచెవి ఇవ్వకూడదు."

పెదనాన్న తల ఊపాడు. నాలుగు నెలలుగా ఆమె చెప్పలేకపోయిన పాఠం అతనికి ఒక్క ముక్కలో ఎక్కింది. లోపలికి నడిచి, దేవుడి గూటి పక్క మేకునుంచి పాస్‌వర్డ్ చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. గుత్తి కూడా తీసి మొలకు దోపుకున్నాడు.

"అమ్మీ, నువ్వు లోపలికెల్లు. మీ నాన్నకి ఫోన్ సేస్తాను. దుకాణంలోకి ఇంక నీకు పని నేదు."

"పెదనాన్నా, డిప్లొమా..."

"ఎల్లమన్నానా?"

వెళ్లింది. వంటింటి పక్క, తన చాప చుట్టి పెట్టే మూలన, రేకు పెట్టె ముందు కూలబడింది. పెట్టె తెరిచింది. డైరీ కింద నీలం పెన్‌డ్రైవ్ వెచ్చగా కాదు, చల్లగా కాదు, ఏమీ ఎరగనట్టు ఉంది.

తీసుకెళ్లి ఇస్తే ఏమంటారో ఆమెకు తెలుసు. నోటుపుస్తకం చూపిస్తే గూఢచారి అయింది. ఇది చూపిస్తే దొంగ అవుతుంది. దుకాణం కాగితాలు నీ పెట్టెలో ఎందుకున్నాయే, అంటారు. ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. పెదనాన్నకి తగిన శాస్తి జరుగుతుంది. ఆ ఊహ కాస్త తియ్యగా ఉంది, ఒక్క నిమిషం దాన్ని నోట్లోనే ఉంచుకుంది.

అంతలో ముందునుంచి ముసలి గొంతు వినబడింది. "బాబూ, హెలా కి?"

"నేదు, నేదు. పోయింది అంతా. మళ్లీ కాగితాలన్నీ తెచ్చుకో," అంటున్నాడు పెదనాన్న.

"మళ్లీనా? రేపటికి?"

బిందుశ్రీ లేచింది. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో బిగించింది. చెప్పవలసిన మాటలు మూడే మూడు: నా దగ్గర ఉన్నాయి. వంటింటినుంచి గుమ్మం దాకా ఆ మూడింటినీ లోలోపల పలుకుతూ నడిచింది. పెద్దమ్మ పక్కనుంచి, మామ్మ మంచం పక్కనుంచి. ఈసారి గొంతు దాటేలాగే ఉన్నాయి.

గుమ్మం దగ్గర గోనెసంచులు పక్కకి జరిపి ఉన్నాయి. చీపురు నేలమీద పడి ఉంది. పెదనాన్న రెండు చేతులతో ఆ పాత తలుపును లాగుతున్నాడు. ఉబ్బిన చెక్క రాళ్లమీద గీరుకుంటూ వస్తోంది. దుకాణం వైపే, తలుపు వెనక నుంచి జగన్ భుజంతో సాయం పడుతున్నాడు.

"పెదనాన్నా, నా దగ్గర..."

సందులోంచి అరుగు మీద ధనుంజయ కనిపించాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"హెలా కి, మా?"

ఆమె తల నిలువుగా ఊపింది. గుప్పిట పైకెత్తింది. తలుపు మొదటి తోపుకి పడలేదు. రెండో తోపుకి పడింది.